ఉదయగిరి లైబ్రరీలో ఎడమపక్క స్టూలు

లైబ్రరీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆత్మకూరు బస్టాండు నుంచి నడిచి రాగలిగిన దూరమే. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి" అంటారు. వానలో తడవకుండా పుస్తకాలు కాపాడిన కథో, పెద్ద ఆఫీసరు వచ్చి భుజం తట్టిన కథో వస్తుందని వాళ్ళ ఆశ. నా దగ్గర అలాంటివేమీ లేవు. నా దగ్గరున్నది ఒక కుళ్ళుబోతు కథ. సాటి ఉద్యోగిని చూసి ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను. ఆ మంట ఇంకా పూర్తిగా ఆరలేదు, అందుకని చెప్పేటప్పుడు ఎక్కడైనా గొంతు పెరిగితే మీరే సర్దుకోండి.

నేను ఆత్మకూరు లైబ్రరీలో చాలాకాలం గ్రంథపాలకుడిగా పనిచేశాను. అక్కడ నాకొక పేరుండేది. ఎవరు లోపలికొచ్చినా ఎగాదిగా చూసి, ఏం పని చేస్తారో ఒక మాట అడిగి, కుర్చీలోంచి లేవకుండానే, "కిటికీ పక్క బీరువా, కింది అరలో ఎర్ర అట్ట పుస్తకం తీసుకోండి" అనేవాణ్ణి. రైతు వస్తే నిమ్మతోటల తెగుళ్ళ పుస్తకం. అంగడి వాళ్ళకు వ్యాపారంలో పైకొచ్చిన వాళ్ళ జీవితాలు. టీచరమ్మకు పిల్లల పెంపకం. జుట్టు నెరిసిన ప్రతివాళ్ళకూ భక్తి. పుస్తకాలకు నంబర్లు వేసి అరల్లో సర్దడం మన పని కదా, ఆ చేత్తోనే మనుషులకు కూడా నంబర్లు వేశాను. తప్పని ఎవరూ అనలేదు. తీసుకుపోయేవాళ్ళు, గడువులోగా తెచ్చిచ్చేవాళ్ళు. చదివారా అని నేను అడిగింది లేదు, వాళ్ళు చెప్పింది లేదు.

ఒక్కచోట మాత్రం నా విద్య పారలేదు. అది మా ఇల్లు. పెళ్ళయిన కొత్తలో నుంచే నా భార్యకు పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆమె టెన్త్ పాసయింది, తెలుగు గడగడా చదువుతుంది. వంటల పుస్తకాలు, వ్రతకథలు, సంసారపక్షంగా ఉండే నవలలు తెచ్చేవాణ్ణి. కాదనకుండా తీసుకునేది. నాలుగు పేజీలు తిప్పి దిండు పక్కన పెట్టి నిద్రపోయేది. గడువు దగ్గరపడగానే నేనే సంచిలో వేసుకుపోయి బీరువాలో పెట్టేవాణ్ణి. ఊరందరికీ పుస్తకాలు అందించే మనిషి సొంత పెళ్ళాం చేత ఒక్కటి చివరిదాకా చదివించలేకపోయాడు. నేను ఎంచిన పుస్తకం ఒక్కటంటే ఒక్కటి ఆమె ఆఖరి పేజీ దాకా చదవాలి. ఉద్యోగంలో నాకు ప్రమోషను మీద కూడా అంత ఆశ లేదు.

ఇలా ఉండగా ఉదయగిరి లైబ్రరీకి ఒకాయన బదిలీ మీద వచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు. మర్రిపాడు వైపు మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా చొక్కా జేబులో వక్కపలుకుల పొట్లం. నన్ను "అన్నా" అనేవాడు. మొదట్లో నాకు వాడి మీద ఏ పట్టింపూ లేదు. ఎవరి ఊరు వాళ్ళది, ఎవరి బీరువాలు వాళ్ళవి.

నెల్లూరులో జరిగిన మీటింగులో మొదటిసారి గుచ్చుకుంది. మా పైఆఫీసరు అందరి ముందూ, "ఉదయగిరిలో పోటీ పరీక్షల పుస్తకాలు కాకుండా కథల పుస్తకాలు కూడా కదులుతున్నాయి. అందరూ ఫోన్లు చూసుకునే ఈ కాలంలో అదెట్లా చేస్తున్నాడో మీరంతా పోయి చూసి రండి" అన్నాడు. అంటూ నావైపు చూశాడు. వాడి వైపు చూసి మెచ్చుకోవచ్చు కదా, నావైపు చూడడం ఎందుకు? తిరుగు బస్సులో వాడు నా పక్కన కూచుని వక్కపలుకులు ఇవ్వబోతే, పళ్ళు బాగాలేవని చెప్పి కిటికీలోంచి బయటికి చూశాను.

అది మరిచిపోకముందే మా ఊళ్ళో ధాన్యం హోల్‌సేల్ అంగడి శెట్టిగారి సంగతి బయటపడింది. ఆయన నా పాఠకుడు. నా పాఠకుడు అనే అంటాను. పొద్దున్నే వచ్చి పేపరు తిరగేసి, నేనిచ్చిన వ్యాపార పుస్తకం సంచిలో వేసుకుని పోయేవాడు. భారీ మనిషి, లైబ్రరీ మెట్లెక్కితేనే రెండు నిమిషాలు ఊపిరి సర్దుకోవాలి. వ్యాపారం పని మీద ఉదయగిరి పోయి వస్తుండేవాడు. ఒకరోజు ఆయన అంగట్లో బియ్యం తీసుకుంటుంటే, బస్తాల మధ్య ఉదయగిరి ముద్ర వేసిన పుస్తకం కనిపించింది. మంచు కొండలెక్కి, తోవ తప్పి, చావు తప్పించుకుని దిగివచ్చిన మనుషుల కథ.

"ఇదేంది శెట్టిగారూ, మన లైబ్రరీ లేదా?" అన్నాను.

ఆయన ఏమాత్రం సంకోచం లేకుండా, "నువ్విచ్చేవి అంగడి పుస్తకాలబ్బయా. పొద్దస్తమానం అంగట్లోనే గదా నేనుండేది, మళ్ళీ అదే చదవాల్నా? గిరాకీ లేనప్పుడు ఇది తీస్తే ఈ రేకుల కింద కూడా చలేస్తాది నాకు" అన్నాడు.

"మరి ఇన్నేండ్లూ ఎందుకు తీసుకుపోయినారు?"

"నువ్వు ఇస్తివి, నేను తీసుకుంటి. పెద్దమనిషివి, వద్దంటే బాగుండదని."

ఆ బియ్యం మోసుకుంటూ ఇంటికి వస్తుంటే నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆయన చదవలేదన్న బాధకన్నా, ఉదయగిరి మనిషి చదివించాడన్న మంటే ఎక్కువ. ఉన్నమాట చెబుతున్నాను, మీ దగ్గర దాచేదేముంది.

కొన్నాళ్ళకు ఉదయగిరి వాడు మోటారు సైకిలు మీద పోతుంటే మర్రిపాడు రోడ్డులో గొర్రెల మంద అడ్డం వచ్చి, పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు. కబురు తెలిసి "అయ్యో" అన్నాను. పైకే అన్నాను, గట్టిగానే అన్నాను. లోపల మాత్రం, ఇక చూద్దాం ఆ కథల పుస్తకాలు ఎట్లా కదులుతాయో అనుకున్నాను. వాడు కోలుకునేదాకా ఉదయగిరి లైబ్రరీ కూడా నన్నే చూసుకోమని ఆర్డరు వచ్చింది. వారంలో కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ. నేను లేని రోజు తలుపు తీసి కూచునేది అటెండరు. ఏ.ఎస్.పేట దర్గాకు పోయేవాళ్ళతో కిటకిటలాడే బస్సులో నిలబడి ప్రయాణం. అయినా ఉత్సాహంగానే పోయాను.

లోపల అడుగు పెట్టి చూస్తే మా లైబ్రరీకీ దానికీ పెద్ద తేడా లేదు. అవే ఇనప బీరువాలు, కిర్రుమనే అదే ఫ్యాను. టేబులు దగ్గర మాత్రం ఒక వింత ఉంది. కుడిపక్క ఒక బెంచీ, ఎడమపక్క ఒక పాత చెక్క స్టూలు. పుస్తకం తిరిగి తెచ్చినవాళ్ళు నా చేతికి ఇవ్వకుండా, కొందరు బెంచీ మీద, కొందరు స్టూలు మీద పెడుతున్నారు. స్టూలు మీద పెట్టినవాళ్ళు పెట్టి పోకుండా అక్కడే నిలబడుతున్నారు.

ఒకామె అలాగే నిలబడింది. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళు ఉంటారు, ఆమె ఆ పని చేస్తుంది. చీర కొంగు మీద చెక్కపొట్టు ఇంకా అంటుకునే ఉంది.

"ఏమ్మా, ఇంకేం కావాల?" అన్నాను.

"అడగరా సారూ?"

"ఏం అడగాల?"

"ఎక్కడ ఆగినానో. ఆ సారైతే అడుగుతాడు. చదివేసిన బుక్కు బెంచీ మీద, ఆపేసింది స్టూలు మీద. ఎక్కడ ఆపినానో, ఎందుకు ఆపినానో చెప్తే, దాన్ని బట్టి ఇంకోటి ఇస్తాడు."

నాకు నవ్వొచ్చింది. "ఎక్కడ ఆపితే ఏందమ్మా. చేతిపనుల మీద మంచి పుస్తకం ఉండాది, తీసుకుపో" అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, "వద్దులే సారూ, ఆయన వచ్చినాక వస్తా" అని వెళ్ళిపోయింది. ఆ వారం అందరిదీ అదే వరస. వచ్చేవాళ్ళు, స్టూలు మీద పెట్టేవాళ్ళు, నిలబడేవాళ్ళు, నేను చెప్పింది వినేవాళ్ళు, వట్టి చేతులతో పోయేవాళ్ళు. వాడి కాలు ఎలా ఉందని అడగనివాళ్ళు లేరు. ఒక పెద్దాయన నన్నే చూస్తూ, "తొందరగా లేచి తిరిగితే బాగుండు" అన్నాడు. కాలు విరిగి మంచంలో ఉన్నవాడి మీద కూడా అసూయ పడవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నా భార్యకు సొంత అక్క ఉదయగిరిలోనే ఉంటుంది. నాకు వదిన. నా భార్య నెలకు రెండుసార్లయినా అక్క ఇంటికి పోయి వస్తుండేది. అక్కాచెల్లెళ్ళ ముచ్చట్లు మనకెందుకని నేను పట్టించుకోలేదు. మా వదినకు చదువు రాదు. బస్సు మీద ఊరి పేరు కూడా పక్కవాళ్ళను అడిగి ఎక్కుతుంది.

ఒక సాయంత్రం ఆ వదిన లైబ్రరీ గుమ్మంలో ప్రత్యక్షమైంది. టేబులు దగ్గర నన్ను చూసి టక్కున ఆగిపోయింది. చేతిలో ఉన్నదాన్ని కొంగు కిందికి తోసింది.

"ఏం వదినా, ఇట్లా వచ్చినావు?"

"ఊరికేనే అబ్బయా. నువ్వు ఈ రోజు రావంటిరే. ఊరికే, ఎట్లుండావో చూసి పోదామని."

"రానని నీకెవరు చెప్పినారు?"

వదిన అబద్ధం ఆడలేని మనిషి. కొంగు తీసి, పుస్తకాన్ని కుడిపక్క బెంచీ మీద పెట్టింది. లావుపాటి నవల. అట్ట మీద తలుపు సందులోంచి కత్తి పట్టుకున్న చెయ్యి. పెద్దింట్లో ఒకదాని వెంట ఒకటి జరిగే హత్యలు, చేసిందెవరో ఆఖరిదాకా తెలియదు. మన వృత్తిలో అలాంటివాటిని ఎవరూ పొగడరు, అరలో మాత్రం ఎప్పుడూ ఉండవు.

"నీకు చదువు రాదు గదా వదినా. ఎవరిది ఇది?"

"మా చెల్లెలిది" అంది, ఇక దాచి లాభం లేదన్నట్టు. "నా కార్డు మీద తీసుకుంటాది. ఈమధ్య నువ్వు ఈడ కూచుంటున్నావని తను రాకుండా నా చేత పంపతా ఉండాది. ఆ సారు మళ్ళీ వచ్చి అడిగితే చెప్పమనింది. యాడా ఆపలేదంట. చదువుతా చదువుతా పొయ్యి మీద కూర మరిచిపోయిందంట, అడుగంటి మాడిపోయిందంట."

వంకాయ కూర. నాకు బాగా గుర్తుంది. మూడు రోజుల కిందట తిన్నాను. మాడు వాసన వస్తోందంటే, కొత్త గ్యాసు పొయ్యి మంట ఎక్కువగా వస్తోందని చెప్పింది నా భార్య. నేను నమ్మి, పొయ్యి బాగుచేసేవాడికి ఫోన్ కూడా చేశాను. ఆ కూర మాడింది వాడిచ్చిన పుస్తకం వల్ల.

వదిన పోయింది. తల కొట్టేసినట్టయింది. నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా వంకాయలు. ఏ పుస్తకం ఇస్తే నా భార్య లోకం మరిచిపోతుందో, మర్రిపాడు నుంచి వచ్చిన ఒక వక్కపలుకులవాడికి తెలుసు, నాకు తెలియదు. ఇంకో రకం అనుమానం నాకు ఎప్పుడూ రాలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. వాడు ఆమెను "అక్కా" అంటాడని తర్వాత తెలిసింది. కానీ నాకు వచ్చిన ఈ మంట దానికేమీ తీసిపోదు.

ఇంటికి పోయి అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టు. దానికి బదులు ఒక ఉపాయం పన్నాను. తరువాతి వారం వదిన ఇంటికి నేనే పోయి, ఒక పుస్తకం చేతికిచ్చి, "ఆ సారు ఫోన్‌లో చెప్పినాడు, చెల్లెలికి ఇది ఇవ్వమని. నేను తెచ్చినట్టు చెప్పొద్దు, మొహమాట పడతాది" అన్నాను. వాడి పేరు మీద నా పుస్తకం. దానికోసం రెండు రోజులు బీరువాలు గాలించాను. వంటలు కాదు, వ్రతాలు కాదు. మంచి పేరున్న నవల. కష్టాలు పడి, ఓర్చుకుని, చివరికి సంసారాన్ని నిలబెట్టుకున్న ఒక ఇల్లాలి కథ. నాకు చదువుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇది చదివి ఆఖరి పేజీ తిప్పితే, అది నేనిచ్చిందేనని అప్పుడు చెప్పి, వాడిని ఒక్క దెబ్బతో పడగొడదామని నా ఆలోచన.

వదిన ఏదో పని మీద మా ఇంటికి వచ్చి, దాన్ని చెల్లెలికి అందించి పోయింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కాపలా కాశాను. నా భార్య పప్పు డబ్బా వెనక పుస్తకం దాచిందని తెలుసు. నేను పెరట్లోకి పోయినప్పుడు తీస్తుందనీ తెలుసు. అందుకని అవసరం లేకపోయినా పెరట్లోకి పోయి, మొక్కలకు నీళ్ళు పోసి, పోసిన మొక్కలకే మళ్ళీ పోశాను. వంటింట్లోంచి మాడు వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. రాలేదు. ఒకరోజు గడిచింది, ఇంకోరోజు గడిచింది. అన్నం మెత్తగా ఉడికింది, కూరలు అమోఘంగా కుదిరాయి. అంత రుచిగల తిండి తింటూ అంత దిగులుపడ్డ మొగుడు నెల్లూరు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మరుసటి వారం ఉదయగిరిలో వదిన మళ్ళీ వచ్చింది. ఈసారి కొంగు కింద దాచలేదు. నేరుగా వచ్చి, ఎడమపక్క స్టూలు మీద పెట్టింది. పెట్టి నిలబడింది.

"ఆపేసింది" అంది.

"ఆ సారు ఇచ్చింది గదా, ఎందుకు ఆపిందంట?" అన్నాను.

వదిన నావైపు జాలిగా చూసింది. "ఇది ఆ సారు ఇచ్చింది కాదంట. 'నీ మరిది ఎంచిన బుక్కు ఇది' అని నాతో అనింది. నేనేం చెప్పలేదబ్బయా, ఒట్టు. అదే కనిపెట్టింది."

ఆ రోజు సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూచోబుద్ధి కాలేదు. ఎలా కనిపెట్టింది? ఉదయగిరి ముద్రే ఉంది, నా చేతి ముద్ర ఎక్కడా లేదు. ఏ.ఎస్.పేట దాటేసరికి కోపం వచ్చింది, ఆత్మకూరు చేరేసరికి కోపం పోయి భయం పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు నా సంగతి పుస్తకం వాసన చూసి చెప్పగలిగినంత తెలుసు, నాకు ఆమె సంగతి తెలియదు.

ఇంటికి పోయేసరికి ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెప్పులు విడిచి, చొక్కా కూడా విప్పకుండా ఎదురుగా పీట వేసుకుని కూచున్నాను. ఎన్నో మాటలు అనుకున్నాను, ఒక్కటీ రాలేదు. వాడి మాటే వచ్చింది.

"ఎక్కడ ఆగినావు?"

ఆమె చేతులు ఆగిపోయాయి. నాకు సిగ్గేసింది గానీ లేవలేదు.

"ఆ మొగుడు తిట్టి పోయినాక, ఆయన తిరిగొచ్చి తప్పయిందని అనకముందే ఆమె కాళ్ళకు నీళ్ళిస్తాది చూడు, అక్కడ" అంది. "అడగకముందే క్షమించేస్తే ఇంక చదివేదానికి ఏముండాది? నువ్వు తెచ్చిన కథలన్నిట్లో ఆడవాళ్ళు అట్లే చేస్తారు. మొదటి పేజీలోనే తెలిసిపోతాది నాకు, ఈమె ఓర్చుకుంటాదిలే అని. నిద్రొస్తాది."

"నేనిచ్చిందని అందుకే కనిపెట్టినావా?"

"ఇంకెవరిస్తారు అట్లాంటివి?"

"మరి ఆ హత్యల పుస్తకాలు?"

"వాటిల్లో ఏం జరగబోతాదో నాకు తెలీదు. మన ఇంట్లో నాకు తెలీంది ఏముండాది చెప్పు. నువ్వు ఏ టయానికి లేస్తావో, ఏ కూరకు మొహం చిట్లిస్తావో, అన్నీ తెలుసు. ఒకరోజు ఎండగా ఉండాదని బస్సు వచ్చేదాకా ఆ లైబ్రరీలో కూచున్నాను. అమ్మా ఏ బుక్కు మధ్యలో ఆపినావు అని అడిగినాడు ఆయన. మా ఆయన తెచ్చినవన్నీ అన్నాను."

"వాడితో అట్లా అన్నావా?"

"అడిగినాడు, చెప్పినాను. నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

చిక్కుళ్ళు కొన్ని నేను కూడా ఒలిచాను. కాసేపటికి, "ఆ కథలో ఆమె ఏం చేసుంటే నువ్వు చదివేదానివి?" అని అడిగాను. ఆమె ఆలోచించింది. నేనిచ్చిన పుస్తకం గురించి ఆమె ఆలోచించడం నేను మొదటిసారి చూశాను.

"ఒక్కరోజన్నా బస్సెక్కి పోయుంటే చదివుందును" అంది. "యాడికైనా సరే. తిరిగొచ్చినా పర్వాలేదు."

వాడు కర్ర ఊతంతో తిరిగి డ్యూటీలో చేరిన రోజు తాళాలు అప్పగించడానికి పోయాను. పాఠకులు పండ్లు తెచ్చారు, చెక్క స్పూన్లామె ఒక కొత్త గరిటె తెచ్చింది. నాకు పండూ లేదు గరిటే లేదు. వాడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మీ ఇంట్లో అక్క బుక్కుల సంగతి నీకు చెప్పొద్దని ఆమే అనింది. ఏమనుకోవద్దు" అన్నాడు. అనుకోను అని చెప్పాను. అనుకున్నాను. ఆ స్టూలు ఉపాయం నీకెట్లా తట్టిందని అడిగితే, "ఏముందన్నా, చిన్నప్పుడు బుక్కు మధ్యలో ఆపితే మా నాయన కొట్టేవాడు. అందుకని ఆపిన బుక్కును భయం లేకుండా పెట్టేదానికి ఒక చోటు ఉండాలనిపించింది" అన్నాడు. ఇంత మంచి మాట వాడి నోటినుంచి రావడం కూడా నాకు కంటగింపే అయింది.

ఆత్మకూరులో నేను కూడా అడగడం మొదలుపెట్టాను. స్టూలు మాత్రం పెట్టలేదు. ఉదయగిరిని చూసి నేర్చుకున్నాడని ఎవరూ అనకూడదని, కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాను. రైతులు నిమ్మతెగుళ్ళ పుస్తకాలు తెచ్చి ఆ కుర్చీలో పడేశారు. ఒకాయన సముద్రం మీద పోయే ఓడల కథలు అడిగాడు, టీచరమ్మ దెయ్యాలవి అడిగింది. శెట్టిగారు కూడా ఒకరోజు వచ్చి, "ఏంది అబ్బయా, ఉదయగిరి పద్ధతి పెట్టినావంట" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా వారం పాడైంది.

ఇంట్లో మాత్రం నేను చాలా వెతికాను. ఒంటరిగా సంచి తగిలించుకుని, బస్సులూ రైళ్ళూ మారుతూ, తెలియని ఊళ్ళు తిరిగివచ్చిన ఒక ఆడమనిషి తన ప్రయాణాల గురించి తనే రాసుకున్న పుస్తకం దొరికింది. ఈసారి వదిన చేత పంపలేదు. నేనే తెచ్చి, ఇది నేను ఎంచింది అని చెప్పి చేతికిచ్చి, వెంటనే పెరట్లోకి పోయాను. ఆమె తొందరపడలేదు. చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే వచ్చి, పుస్తకం నా పొట్ట మీద పెట్టి, "అయిపోయింది. ఇట్లాంటిది ఇంకోటి ఉండాదా?" అంది. ఆఖరి పేజీ దాకా చదివింది. నేను కోరుకున్నది అదే కదా, తృప్తిగా ఉండాలి కదా. కానీ అన్ని రోజుల్లో ఒక్క పూట కూడా కూర మాడలేదు. నా బుద్ధి అక్కడే చిక్కుకుంది.

రిటైరయ్యాక కూడా అదే వరస. వాడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, ఉదయగిరి నుంచి కత్తులూ హత్యలూ వస్తూనే ఉన్నాయి. అవి ఫ్రిజ్ మీద ఉంటాయి. నేను లైబ్రరీకి మామూలు మనిషిలా పోయి, కార్డు మీద తెచ్చే ప్రయాణాల పుస్తకాలు కిటికీలో ఉంటాయి. రెండు పక్కలా ఏది ఎంత చదివిందో నేను రోజూ చూస్తాను. చూడనట్టు చూస్తాను.

మొన్నొక రోజు పేపరు చదువుతుంటే గుప్పుమని మాడు వాసన వచ్చింది. నా వయసుకు తగనంత వేగంగా వంటింట్లోకి పరుగెత్తాను. బెండకాయలు నల్లగా మాడి పొగలు కక్కుతున్నాయి, ఆమె పొయ్యి ఆపుతూ ఉంది, రెండో చేతిలో పుస్తకం. "ఏది అది? ఏది చదువుతుండావు?" అన్నాను. ఆమె తిప్పి చూపించింది. ఉదయగిరిది.

నా ముఖం చూసి ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. "నేను తెచ్చినవి చదివేటప్పుడు ఎప్పుడన్నా మాడిందా? ఒక్కసారన్నా?" అన్నాను.

"లేదు."

"అంటే అవి బాగలేవనే గదా."

ఆమె మాడిన బెండకాయల్లో మంచివి ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "నువ్వు తెచ్చినవి చదివేటప్పుడు పొయ్యి ఆపేసి కూచుంటా."

అది మెప్పో, ఓదార్పో, నేను అడగలేదు. కంచం తెచ్చుకుని కూచున్నాను. ఏరగా మిగిలిన మాడు ముక్కలు కూడా నాకే వెయ్యమన్నాను.